పద్నాలుగు వందల ట్యూబ్‌లైట్లను పగలకుండా సాగనంపిన అనుభవం

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో ఉన్న ఒక నూలు మిల్లులో నేను ఎలక్ట్రికల్ విభాగం బాధ్యత చూస్తున్నాను. మిల్లు మూడు షిఫ్టులూ నడుస్తుంది కాబట్టి మా దగ్గర దీపాలు ఆరడమన్నది ఉండదు. 2019 జనవరిలో మా యాజమాన్యం దూదిని విప్పే బ్లో రూమ్ మొదలుకొని నూలును కోన్లకు చుట్టే వైండింగ్ దాకా ఉన్న ట్యూబ్‌లైట్లన్నీ తీసేసి ఎల్‌ఈడీ ట్యూబులు బిగించాలని నిర్ణయించింది. 36 వాట్ల ట్యూబు పాత చోకుతో కలిసి 48 వాట్ల దాకా కాలుస్తున్న చోట 20 వాట్ల ఎల్‌ఈడీ సరిపోతుందని లెక్క వేసి చూపించింది నేనే. ఎంత కరెంటు మిగులుతుందో, పెట్టుబడి ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందో రెండు పేజీలు రాశాను గాని, దించిన 1,460 పాత ట్యూబులు ఎక్కడికి పోతాయన్న సంగతి మీద ఆ కాగితాల్లో ఒక్క వాక్యం కూడా రాయలేదు. పని ఒప్పందంలో మాత్రం 'పాత సామాను తొలగించే బాధ్యత కాంట్రాక్టరుదే' అనే మాట ఉంది. దానితో ఆ సంగతి తీరిపోయిందని అందరం అనుకున్నాం.

అంతకు ముందు పదకొండేళ్లుగా మాడిపోయిన ట్యూబులను మేము ఏం చేశామో ఇక్కడ దాచకుండా చెప్పాలి. వారానికి పదో పదిహేనో పోయేవి. వాటిని పాత స్టోరు వెనక ప్రహరీ గోడకు ఆనించి నిలబెట్టేవాళ్లు. నెలకోసారి హెల్పరు ఒకాయన వాటిని గోడ అవతల గుంటలో కర్రతో పగలగొట్టి, రెండు కొసల్లో ఉండే అల్యూమినియం మూతలు ఏరుకుని పాత ఇనుము కొట్టులో అమ్ముకునేవాడు. టీ డబ్బులకు వస్తాయిలే అని మేమూ పట్టించుకోలేదు. ఆ గుంటను ఒరుసుకుంటూ ఒక పంటబోదె వెళ్తుంది, దాని అవతల పత్తి చేలు ఉంటాయి. ఒక వానాకాలంలో ఆ పొలం కౌలు చేసే రైతు కాలికి గాజు ముక్క దిగిందని మిల్లు గేటు దగ్గరికి వచ్చి గొడవ పడ్డాడు. కట్టు కట్టించి, మందులకు డబ్బులిచ్చి పంపాం. అప్పుడు కూడా మాకు కనిపించింది గాజు మాత్రమే, ట్యూబు లోపలి పాదరసం కాదు.

నా కళ్లు తెరిపించింది మార్పిడి పని మొదలైన మూడో రోజు జరిగిన ఒక ప్రమాదం. నూలు వడికే రింగ్ ఫ్రేముల హాలులో నిచ్చెన మీద ఉన్న కుర్రవాడు దించి ఇచ్చిన ట్యూబులను కింద మనిషి చంకలో కట్టెల మోపులా పెట్టుకుని నడుస్తున్నాడు. దూది నూగు పేరుకుని ఉండటంతో గాజు జారుతోంది. మలుపులో ఒక ఫ్రేము అంచుకు మోపు తగిలి ఎనిమిదో తొమ్మిదో ట్యూబులు ఒక్కసారిగా నేల మీద పడి పగిలిపోయాయి. టపాకాయలు పేలినంత చప్పుడైంది, తెల్లటి పొడి పొగలా లేచింది. దగ్గర్లో ఉన్న స్వీపరమ్మ అలవాటు కొద్దీ చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టింది, ఇంకొకరు దుమ్ము పోవాలని పెద్ద ఫ్యాను వేశారు. నేను వెళ్లేసరికి ఆ కుర్రవాడి అరచేతులు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. చేతులు కడుక్కోమన్నాను. 'మిరపకాయల ఘాటుకే అలవాటు పడ్డవాళ్లం, ఈ పొడి ఏం చేస్తుంది సార్' అని నవ్వుతూ ఆ చేతులను ప్యాంటుకు తుడుచుకున్నాడు. అతను అంతకు ముందు మిర్చి యార్డులో హమాలీగా పని చేసినవాడు.

ఆ మాట నన్ను ఆ రాత్రంతా వదల్లేదు. మిరప ఘాటు ముక్కుకు తగిలి, కళ్లకు తగిలి, దగ్గించి, దూరంగా పొమ్మని మనిషికి చెబుతుంది. ట్యూబులో ఉండే పాదరసం ఆవిరికి రంగు లేదు, వాసన లేదు, అది దగ్గించదు కూడా. పీల్చిన ఆవిరిలో దాదాపు 80 శాతాన్ని ఊపిరితిత్తులు రక్తంలోకి పంపేస్తాయి. అక్కడి నుంచి అది మెదడుకు, మూత్రపిండాలకు చేరుతుంది, గర్భిణుల్లో కడుపులోని బిడ్డకూ చేరుతుంది. మా మిల్లులో వైండింగ్ విభాగంలో పని చేసేవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు, అందులోనూ కొత్తగా పెళ్లయినవాళ్లు. నేను డిప్లొమా చదివిన రోజుల్లో ట్యూబ్‌లైటు ఎలా వెలుగుతుందో పరీక్షల్లో రాసినవాడినే. గొట్టంలోని పాదరసం ఆవిరి గుండా విద్యుత్తు పోతే 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలు వెలువడతాయి, గాజు లోపలి వైపున ఉన్న తెల్లటి ఫాస్ఫర్ పూత ఆ కంటికి కనబడని కిరణాలను కనబడే వెలుగుగా మారుస్తుంది. ఇంత తెలిసి కూడా, వెలగడం ఆగిపోయిన ట్యూబులో పాదరసం ఏమవుతుందని ఏనాడూ ఆలోచించలేదు. ట్యూబు మాడిపోయేది కొసల్లోని ఫిలమెంటు పూత అరిగిపోవడం వల్ల. పాదరసం ఎక్కడికీ పోదు. ఏళ్ల తరబడి వెలుగుతున్న కొద్దీ అది ఫాస్ఫర్ పొడిలోకి, గాజులోకి ఇంకుతుంది. కాబట్టి మాడిన ట్యూబు ఖాళీ గొట్టమనుకోవడం పొరపాటు.

మర్నాడు కూర్చుని కొంత లెక్క వేసుకున్నాను. 36 వాట్ల సన్న ట్యూబులో సాధారణంగా 3 నుంచి 5 మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. మా ప్యాకింగు హాలులో ఇంకా మిగిలి ఉన్న 40 వాట్ల పాత లావు ట్యూబుల్లో అంతకు రెట్టింపో, ఇంకా ఎక్కువో ఉంటుంది. మొత్తం కలిపినా పది పన్నెండు పాత జ్వరం థర్మామీటర్లలో ఉండేంత పాదరసమే. ఇంత చిన్న లెక్క చూపిస్తే భయపడాల్సింది ఏముందని ఎవరైనా అడగవచ్చు. అయితే పని చేసే చోట గాలిలో ఘనపు మీటరుకు 0.025 మిల్లీగ్రాములు దాటకూడదని వృత్తి ఆరోగ్య నిపుణులు ఒక హద్దు పెట్టారు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మా పాత స్టోరు గదిలో పట్టే గాలి 28 ఘనపు మీటర్లు. అంటే అందులో ఒక మిల్లీగ్రాము ఆవిరైనా చాలు, ఆ హద్దు దాటిపోతుంది. పగిలిన ట్యూబులోని పాదరసం ఒక్కసారిగా ఆవిరైపోదు. పొడినీ గాజునూ పట్టుకుని ఉండి రోజుల తరబడి కొంచెం కొంచెంగా విడుదలవుతూ ఉంటుంది. అందుకే అది ప్రమాదం జరిగిన రోజుతో అయిపోయే వ్యవహారం కాదు. మేము పదకొండేళ్లు పగలగొట్టిన గుంట సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. బోదె బురదలో చేరిన పాదరసాన్ని అక్కడి సూక్ష్మజీవులు మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారుస్తాయి, అది చేపల్లోకి ఎక్కుతుంది. జపాన్‌లోని మినమాతా పట్టణాన్ని, 1956లో అక్కడ బయటపడిన నరాల జబ్బును ప్రపంచం ఈనాటికీ తలుచుకునేది ఈ మిథైల్ మెర్క్యురీ వల్లనే. మా కాలువల చివర చేపల చెరువులే ఉన్నాయి.

ఎల్‌ఈడీ పనిని వారం రోజులు ఆపించాను. యాజమాన్యం దగ్గర మాట పడ్డాను గాని, ఆ వారమే మాకు దక్కింది. పగిలిన చోట ఏం చేయాలో ముందు నేర్చుకుని అందరికీ చెప్పాం. పగిలిన వెంటనే మనుషులను పక్కకు పంపి, ఆ వైపు ఫ్యాన్లూ గాలి యంత్రాలూ ఆపి, కిటికీలు తెరిచి, కనీసం పావుగంట దగ్గరికి పోకూడదు. చీపురు పట్టకూడదు, వాక్యూమ్ యంత్రం అసలు వాడకూడదు, ఎందుకంటే ఆ రెండూ పొడిని గాలిలోకి లేపి హాలంతా పంచుతాయి. చేతి తొడుగులు వేసుకుని, గట్టి అట్టముక్కలతో గాజును ఎత్తి, మిగిలిన సన్న పొడిని అంటుకునే టేపుతో అద్ది, చివర తడి కాగితంతో తుడిచి, ఆ కాగితాన్నీ టేపునూ గాజుతో పాటే గాలి చొరని మూత ఉన్న డబ్బాలో వేయాలి. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలనుకుంటారు. గుడ్డ పొడిని కొంత ఆపుతుందేమో గాని ఆవిరిని ఆపదు. ఈ మాటలు నేను చెబుతున్నప్పుడు ఇంతకాలం గుంటలో ట్యూబులు పగలగొట్టిన హెల్పరు వెనక వరసలో నిలబడి వింటున్నాడు. అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చి, 'మరి ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు సార్' అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన్ను ఆ వారమే గుంటూరు తీసుకువెళ్లి డాక్టరుకు చూపించి, మూత్ర పరీక్ష చేయించాం. ఫలితం హద్దుల్లోనే ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు.

ఇక ట్యూబులు ఎవరికి ఇవ్వాలన్నది అసలు ప్రశ్న. అప్పటికి అమలులో ఉన్నవి 2016 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు. ఫ్లోరెసెంట్ దీపాలూ పాదరసం ఉన్న ఇతర దీపాలూ వాటి మొదటి షెడ్యూలులో సీఈఈడబ్ల్యూ5 అనే సంకేతం కింద ఉన్నాయి. కర్మాగారాల చట్టం కింద నమోదైన కంపెనీలు 'బల్క్ కన్స్యూమర్', అంటే పెద్ద ఎత్తున వాడే సంస్థల కిందికి వస్తాయి కాబట్టి మేమూ అందులోకి వచ్చాం. అంటే ఫారం-2లో లెక్క రాయాలి, 180 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు, అనుమతి ఉన్నవారికే అప్పగించాలి, ఏటా జూన్ 30 లోపు ఫారం-3లో కాలుష్య నియంత్రణ మండలికి వివరాలు సమర్పించాలి. రెండేళ్లకు పైగా అమలులో ఉన్న ఈ సంగతులు మా ఆఫీసులో ఒక్కరికీ తెలియవు.

అనుమతి ఉన్న సంస్థల జాబితా సంపాదించడం కష్టం కాలేదు గాని, ఆ జాబితాతో పని జరగడమే కష్టమైంది. వరసగా ఫోన్లు చేశాను. కంప్యూటర్లయితే రేపే బండి పంపుతామన్నవాళ్లు ట్యూబ్‌లైట్లనగానే వెనక్కు తగ్గారు. పాత కంప్యూటరులో రాగి ఉంది, బంగారపు పూత ఉంది. ట్యూబులో బరువు లెక్కన తొంభై శాతానికి పైగా చవక గాజే, పైగా పెళుసు సరుకు. ఒక సంస్థ మనిషి అయితే ఇంకో దారి చూపించాడు. ట్యూబులు పంపనక్కర లేదట, సంఖ్య చెప్పి డబ్బు కడితే శుద్ధి చేసినట్టు సర్టిఫికెట్ మెయిల్ చేస్తారట, ట్యూబులను మేమే 'ఎలాగో' చూసుకోవాలట. అది విన్నప్పుడు నాకు వచ్చినంత కోపం ఈ మొత్తం వ్యవహారంలో మరెప్పుడూ రాలేదు. ఆ కాగితం ఫైలులో చక్కగా ఇమిడిపోతుంది, ఏ తనిఖీలోనూ ఎవరూ వేలు పెట్టరు, ట్యూబులు మాత్రం మళ్లీ ఏదో ఒక గుంటలో పగులుతాయి. ఈ పని తలపెట్టే ప్రతి వ్యాపారికీ నేను చెప్పేది ఒకటే. అవతలివాళ్ల అనుమతి పత్రంలో దీపాల సంకేతం ఉందో లేదో చూడండి, పాదరసాన్ని వేరు చేసే యంత్రం వాళ్ల దగ్గరే ఉందా, ఇంకొకరికి పంపుతారా అని అడగండి, వీలైతే స్వయంగా వెళ్లి చూసి రండి.

చివరకు హైదరాబాద్ శివార్లలో దీపాలను తీసుకునే ఒక రీసైక్లర్ దొరికారు. ట్యూబుకు ఇంత అని మేమే వాళ్లకు డబ్బు ఇవ్వాలి, లారీ బాడుగ కూడా మాదే. ఇది విని మా అకౌంట్స్ పెద్దాయన నివ్వెరపోయారు. 'చెత్త ఇచ్చి పైగా మనమే డబ్బివ్వడం ఏమిటండీ, పాత ఇనుము కొట్టు ఆయన ట్యూబులు, చోకులు, పట్టీలు అన్నీ కలిపి గుత్తగా కొంటానంటున్నాడు గదా' అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు, ముప్పై ఏళ్లుగా ఆయన చూసిన లెక్కల్లో పాత సామాను ఎప్పుడూ జమ వైపే ఉంది. పాత ఇనుము కొట్టు ఆయనకు కావలసింది చోకుల్లోని రాగి, పట్టీల్లోని ఇనుము. ట్యూబులను దారిలోనే ఎక్కడో దింపేసి పోతాడు. ఈ సంగతి చెప్పి, చోకులను కూడా అదే రీసైక్లరుకు ఇస్తే రాగి ధర కట్టి ఆ మేరకు మినహాయించుకుంటారా అని మాట్లాడాం. పాత చోకులు బరువైనవి, వాటి తీగచుట్ట అంతా రాగే. వాళ్లు ఒప్పుకున్నారు. ట్యూబులకు మేము ఇవ్వవలసిన దాంట్లో సగానికి పైగా చోకుల మీదే తీరిపోయింది, మిగతాది ఎల్‌ఈడీ పని ఖర్చులో చేరింది. ఏ సంస్థ అయినా ట్యూబులను చోకుల నుంచి విడదీసి మాట్లాడితే నష్టపోతుందని నాకు అప్పుడు అర్థమైంది. డబ్బు వచ్చే సామాను ఒకరికి పోయి, డబ్బు పెట్టాల్సిన సామాను మన నెత్తిన మిగులుతుంది.

అయితే ఈ మొత్తం పనిలో కష్టమంతా ఉన్నది ప్యాకింగులోనే. రీసైక్లర్ దగ్గర ఎంత మంచి యంత్రం ఉన్నా, ట్యూబు అక్కడికి చేరే లోపు పగిలితే దాని ఆవిరి మా హాలులోనో లారీలోనో పోయినట్టే. కాబట్టి పగలకుండా చేర్చడాన్నే మేము అసలు పనిగా పెట్టుకున్నాం. ఎల్‌ఈడీ ట్యూబులు నాలుగడుగుల పొడవున, సన్న ట్యూబుల కొలతలోనే వస్తాయి, ఒక్కొక్కటీ సన్నటి అట్ట తొడుగులో, పాతికేసి ఒక పెట్టెలో ఉంటాయి. కొత్తది తొడుగులోంచి తీసి బిగించగానే, దించిన పాతదాన్ని అదే తొడుగులో దోపి అదే పెట్టెలో పెట్టమన్నాం. ఇంత చిన్న ఏర్పాటుతో చంకలో మోపు కట్టే పద్ధతి ఆ రోజుతో ఆగిపోయింది. అంతకు ముందు కుర్రవాళ్లు ఖాళీ అట్టపెట్టెలను పని చేస్తూ చేస్తూనే చింపి పారేసేవాళ్లు. పెట్టె పోతే ట్యూబు పోయినట్టేనని ఒకటికి పదిసార్లు చెప్పాల్సి వచ్చింది.

లావు ట్యూబులు మాత్రం ఇబ్బంది పెట్టాయి. వాటి వ్యాసం 38 మిల్లీమీటర్లు, సన్న ట్యూబులది 26. ఆ తొడుగుల్లో అవి పట్టవు. మిల్లులో దూది వేస్టుకు కొదవ లేదు కదా అని ఒక చెక్కపెట్టెలో వరసకొక పొర దూది పరిచి ట్యూబులు పేర్చాను. ఫోటో పంపితే రీసైక్లర్ వాళ్లు వెంటనే వద్దన్నారు. దారిలో ఒక్క ట్యూబు పగిలినా ఆ పొడి పట్టిన దూది మొత్తం ప్రమాదకర వ్యర్థమైపోతుంది, పైగా దూది నిప్పుకు లొంగే సరుకు. అది తీయించి, నూలు కోన్ల పెట్టెల్లో వేసే గళ్ల అట్టలను నిలువుగా కత్తిరించి ఒక్కొక్క ట్యూబుకూ చుట్టించాం. ఆ చుట్టే పనిని వైండింగ్ ఆడవాళ్లే తీసుకున్నారు. తెగిన నూలుపోగును కంటికి కనబడకుండా అతికే ఆ వేళ్లకు ట్యూబు చుట్టడం ఒక లెక్క కాదు. వాళ్లు చుట్టిన నూట నలభై లావు ట్యూబుల్లో ఒక్కటి కూడా పగలలేదు.

పెట్టెలను ఉత్తరం వైపు ఉన్న, సిమెంటు గచ్చు గల షెడ్డులో పడుకోబెట్టాం. ఒకదాని మీద నాలుగుకు మించి పేర్చలేదు. తలుపు మీద పాదరసం ఉన్న దీపాలనీ, ఇక్కడ ఎవరూ కూర్చోవద్దనీ పెద్ద అక్షరాలతో రాయించాం. అది మొదట్లో మా వాళ్లు మధ్యాహ్నం అన్నం తిని ఒక కునుకు తీసే చోటు, అందుకే అలా రాయించాల్సి వచ్చింది. ఏప్రిల్ చివరికల్లా సరుకు పంపేయాలని తొందర పడటానికి కారణం ఎండలు. వేడి పది డిగ్రీలు పెరిగితే పాదరసం ఆవిరయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా, రేకుల కింద, పగిలిన ట్యూబుల డబ్బాతో సహా వాటిని ఉంచుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఏప్రిల్ 22న మూసిన బాడీ ఉన్న వ్యాను వచ్చింది. విజయవాడలో బట్టల దుకాణం నడిపే నా మిత్రుడొకరు అప్పుడే దీపాలు మార్చి, తొంభై ట్యూబులు మెట్ల కింద పెట్టుకుని ఏం చేయాలో తెలియక ఉన్నారు. తొంభై ట్యూబుల కోసం హైదరాబాద్ నుంచి ఎవరూ బండి పంపరు. అందుకని మా వ్యానును విజయవాడ మీదుగా పంపి, ఆయన సరుకును ఆయన పేరు మీదే వేరే పత్రంతో ఎక్కించాం, బాడుగలో తన వంతు ఆయన భరించారు. ఆటోనగర్‌లో గాని, గుంటూరు పట్నం బజారులో గాని పక్కపక్కనే ఉండే పది దుకాణాలు ఒక్క తేదీ అనుకుంటే ఈ పని ఎవరికీ భారం కాదు. ఫారం-6 అనే రవాణా పత్రం నాలుగు ప్రతులు ఉంటుంది. పసుపు ప్రతి మీద డ్రైవరు సంతకం తీసుకుని మేము ఉంచుకున్నాం, మిగతా మూడూ బండితో వెళ్లాయి. సరుకు ముట్టిందని రీసైక్లర్ సంతకం పెట్టిన ఆకుపచ్చ ప్రతి తిరిగి మా చేతికి వచ్చే దాకా మా బాధ్యత తీరినట్టు కాదు.

ఆ ఆకుపచ్చ ప్రతి కోసం ఎదురు చూడకుండా నేనూ, హెల్పరూ రెండో రోజు రైలెక్కి వెళ్లాం. ఆయన్ను తీసుకు వెళ్లాలని నాకు పట్టుదల. అక్కడ ఒక పెద్ద గదిలో నాలుగు వైపులా మూసిన యంత్రం ఉంది. ఫ్యాన్లు గాలిని ఎప్పుడూ యంత్రం లోపలికే పీలుస్తూ ఉంటాయి, అందువల్ల ఆవిరి గదిలోకి రాదు. పీల్చిన గాలి గంధకం పట్టించిన బొగ్గు పొరల గుండా బయటికి పోతుంది. పాదరసం గంధకంతో కలిసి అక్కడే ఉండిపోతుంది. సన్నటి గొట్టం నోట్లోకి ఒక్కొక్క ట్యూబునూ పెడుతుంటే అది లోపలికి జారి, నలిగిన చప్పుడు మాత్రం వినబడుతోంది. ఆ పక్కన జల్లెడలు గాజును ఒక వైపు, అల్యూమినియం మూతలను ఒక వైపు, తెల్లటి పొడిని కింద బిగించిన పీపాలోకి వేరు చేస్తున్నాయి. ఆ పొడిని తర్వాత కొలిమిలో వేడి చేస్తారు. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి అది ఆవిరిగా విడిపోతుంది, దాన్ని చల్లార్చి ద్రవంగా పట్టుకుంటారు. మిగిలిన పొడిలో ఇట్రియం, యూరోపియం వంటి అరుదైన లోహాలు ఉంటాయట. అక్కడి ఇంజనీరు ఒక మందపాటి గాజు సీసా చూపించారు. అడుగున బొటనవేలంత ఎత్తున వెండిలా కదులుతున్న పాదరసం ఉంది. లక్షల ట్యూబుల నుంచి వచ్చింది అదేనన్నారు. హెల్పరు ఆ సీసాను చేతిలోకి తీసుకుని, బరువుకు ఉలిక్కిపడి, రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నాడు. చాలాసేపు దాన్ని చూశాడు. తర్వాత అల్యూమినియం మూతల కుప్ప దగ్గర ఆగి, 'నేను ఏరింది వీటి కోసమేనా' అన్నాడు.

1,460 ట్యూబుల్లో పగలకుండా చేరినవి 1,431. పగిలిన ఇరవై తొమ్మిదిలో తొమ్మిది ఆ మొదటి ప్రమాదంలోవే. ఫారం-3ను జూన్ రెండో వారంలో గుంటూరులోని మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం.

ఆ తర్వాత నిబంధనలు మారాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి 2022 నాటి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా షెడ్యూలులోని పరికరాలు కనీసం వెయ్యి వాడిన సంస్థ ఇప్పుడు బల్క్ కన్స్యూమర్ అవుతుంది, వ్యర్థాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదైనవారికే అప్పగించాలి. దీపాలు ఇప్పుడు కూడా సీఈఈడబ్ల్యూ5 కిందనే ఉన్నాయి. పాదరసం మీద కుదిరిన మినమాతా ఒడంబడికలో మన దేశం 2018లో చేరింది. ఆ ఒడంబడిక ప్రకారం పొడవు ట్యూబ్‌లైట్ల తయారీ, ఎగుమతి, దిగుమతులు 2027 నాటికి ఆగిపోవాలి. అంటే ఇప్పటికీ ట్యూబులు వాడుతున్న ఆసుపత్రులు, కళాశాలలు, కోల్డ్ స్టోరేజీలు, ప్రెస్సులు అన్నీ ఈ కొద్ది కాలంలోనే వాటిని దించుతాయి. దించే ముందే, కొత్త దీపాల ఆర్డరు కాగితంలోనే, పాత దీపాలు ఎవరికి, ఏ పెట్టెలో, ఎవరి ఖర్చుతో వెళ్తాయో రాసుకోమని నా విన్నపం. 'పాత సామాను తొలగించే బాధ్యత కాంట్రాక్టరుదే' అనే వాక్యాన్ని మాత్రం దయచేసి రాయకండి.

గోడ అవతలి గుంట సంగతి మిగిలింది. ఆ ఏడాది ఎండాకాలం పోయే లోపు, పైకి కనబడిన గాజునంతా తొడుగులు వేసుకుని ఏరించాం, పై మట్టిని జానెడు లోతు తవ్వించి మూత పీపాల్లో నింపి విశాఖ దగ్గర పరవాడలో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాం. బోదె వైపు కట్ట పోయించాం. అయినా పదకొండేళ్ల గాజు ఒక్క ఎండాకాలంలో తీరలేదు. వాన పడి తెరిపిచ్చిన మర్నాడు గోడ వెంట నడిస్తే, మట్టి కొట్టుకుపోయిన చోట సన్నటి తెల్ల పెంకులు ఎండకు మెరుస్తూ కనిపిస్తాయి. హెల్పరు పదవీ విరమణ చేసి ఊళ్లోనే ఉంటున్నాడు, వాన వెలిసిందంటే ఆయనే ఫోన్ చేసి గుర్తు చేస్తాడు. అట్టముక్కతో వాటిని ఎత్తి మూత డబ్బాలో వేసి, బరువు తూచి, రిజిస్టరులో 'పగిలినవి' అనే గడిలో గ్రాముల్లో రాస్తున్నాం.